అన్నయ్య సంచిలో వచ్చిన పుస్తకం

మా ఇంట్లో ఇంగ్లీషు నవల అంటూ ఉన్నది ఒక్కటే. 1997 సంక్రాంతికి అన్నయ్య హాస్టల్ సంచిలో, ఉతకాల్సిన బట్టల మధ్య వచ్చింది. బట్టలు నానబెడదామని అమ్మ సంచి దులిపితే ఉతుకుడు బండ మీద పడింది. మెరూన్ రంగు అట్ట, పసుపు అక్షరాలు, ఎక్కడా బొమ్మ లేదు. బొమ్మ లేదు కాబట్టి క్లాసు పుస్తకమే అయ్యుంటుందనుకుని అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, గూట్లో ఫిజిక్స్ గైడు పక్కన పెట్టింది. అక్కడే ఆరేళ్ళు ఉండిపోయింది.

ఆ పుస్తకం 'ది క్యాచర్ ఇన్ ది రై'. రాసింది జె.డి. సాలింజర్ అనే అమెరికా రచయిత. 1951 జులైలో మొదటిసారి అచ్చయింది. తన పుస్తకాల అట్టల మీద బొమ్మలు వద్దని ఆయన పట్టుబట్టేవాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పట్టుదలే లేకపోతే ఏ అమ్మాయి బొమ్మో, సిగరెట్టు కాల్చే కుర్రాడి బొమ్మో ఉండేది. మా అమ్మ దాన్ని పాత పేపర్లవాడికి వేసేసేది.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కి పదహారేళ్ళు. పెన్సిల్వేనియాలో పెన్సీ అనే పెద్ద హాస్టల్ స్కూల్లో చదువుతుంటాడు. ఐదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పుతాడు, ఇంగ్లీషు ఒక్కటే పాసవుతాడు. క్రిస్మస్ సెలవుల తర్వాత ఇక రావద్దని స్కూలు పంపించేస్తుంది. ఆ ఉత్తరం అమ్మానాన్నలకి చేరే లోపల, సెలవులింకా మొదలవకముందే, ఒక శనివారం రాత్రి పెట్టె సర్దుకుని రైలెక్కి న్యూయార్క్ వచ్చేస్తాడు. ఉన్న ఊళ్ళోనే ఇల్లున్నా ఇంటికి పోడు. హోటల్లో, బార్లలో, పార్కులో, టాక్సీల్లో రెండు రోజులు తిరుగుతాడు. పెద్ద సంఘటనలేమీ ఉండవు. కనబడిన ప్రతివాడితోనూ మాట్లాడాలని చూస్తాడు, ఎవరితోనూ మాట కుదరదు.

ఈ నవల గురించి ఎవరు చెప్పినా హోల్డెన్ గురించే చెప్తారు. పదహారేళ్ళప్పుడు తాము కూడా అచ్చం అలాగే ఉండేవాళ్ళమంటారు. నేనలా చదవలేకపోయాను. నేను ఆ పుస్తకంలోకి వెళ్ళింది అతని పదేళ్ళ చెల్లెలు ఫీబీ వైపు నుంచి. ఆ వైపు నుంచి చూస్తే అది వేరే పుస్తకం.

నాకప్పుడు సరిగ్గా పదేళ్ళు. అన్నయ్యకి పదిహేడు. మాది తెనాలి, కాలవకి దగ్గర్లో ఇల్లు. అన్నయ్య విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీనియర్ ఇంటర్, ఎంపీసీ. నాన్న ఆ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టారని నాకు తర్వాత తెలిసింది. సంక్రాంతికి కాలేజీవాళ్ళు మూడు రోజులే సెలవులిచ్చారు. భోగికి ముందు రోజు సాయంత్రం రైలుకి రావాలి. రాలేదు. "పొద్దున బండికి వస్తాళ్ళే" అన్నారు నాన్న. నేను నా భోగి పిడకల దండ తల దగ్గర పెట్టుకుని, వసారాలో నాయనమ్మ పక్కన పడుకున్నాను.

రాత్రి ఎంతయిందో తెలీదు. ఎవరో నా బొటనవేలు పట్టుకుని లాగుతున్నారు. నన్ను అలా లేపేది ఒక్కడే. కళ్ళు తెరిస్తే నోటి మీద వేలేసుకుని అన్నయ్య. వెనక గోడ దూకి వచ్చాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. మనిషి దగ్గర సముద్రం వాసన, అంటే ఎండిన చేప వాసన లాంటిది.

ఇద్దరం దొడ్లోకి పోయి ఉతుకుడు బండ మీద కూర్చున్నాం. ఆకలిగా ఉందన్నాడు. నేను వంటింట్లోకి పోయి అరిసెల డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడానికి ఎంతసేపు తంటాలు పడ్డానో. ఆ మూత నొక్కు ఇప్పటికీ నా వేళ్ళకి తెలుసు. నాలుగో ఐదో తిన్నాడు, మధ్యలో ఒక్క మాట లేకుండా. తర్వాత చెప్పాడు. కాలేజీ నుంచి వచ్చేసి మూడు రోజులైందట. విజయవాడ స్టేషన్లో ఏ బండి ముందొస్తే అది ఎక్కాడట. వైజాగ్‌లో దిగాడు. పగలంతా బీచిలో కూర్చున్నాడు, రాత్రి స్టేషన్లో పడుకున్నాడు. సముద్రంలో దూరంగా ఓడలు దీపాలు పెట్టుకుని నిలబడి ఉంటాయని, అవి కదలవని, పొద్దుననగా చూసిన ఓడ రాత్రికీ అక్కడే ఉందని చెప్పాడు. దాని గురించే ఎక్కువసేపు చెప్పాడు.

"మరి కాలేజీ?" అన్నాను.

"మానేశా."

"నాన్న చంపేస్తారు నిన్ను."

ఆయన మా మీద చెయ్యెత్తింది లేదు. అయినా ఆ మాటే వచ్చింది.

కాసేపటికి, నా వైపు చూడకుండా అన్నాడు: "నా పక్క మంచంవాడు చచ్చిపోయాడు బుజ్జీ. జ్వరమొచ్చి ఇంటికెళ్ళాడు. అక్కడ పోయాడంట. సోమవారానికి ఆ మంచంలో ఇంకొకణ్ణి వేశారు. ఆ రోజు కూడా టెస్టు పెట్టారు."

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. డబ్బాలోంచి ఇంకో అరిసె తీసి ఇచ్చాను.

తెల్లారుజామున మద్రాసు బండి ఎక్కుతానన్నాడు. గదిలో ట్రంకుపెట్టెలోంచి రెండు చొక్కాలు తెచ్చిపెట్టమన్నాడు. "ఎవర్నీ లేపకు. ఒట్టు?" అన్నాడు. చేతిలో చెయ్యేసి ఒట్టేశాను. గదిలోకి వెళ్ళాను. ట్రంకుపెట్టె కిటికీ పక్కన. దాని దారిలో అమ్మ మంచం. నేను వంగి అమ్మ పాదం పట్టుకున్నాను.

ఎందుకు పట్టుకున్నానో అప్పుడు తెలిసి చేసింది కాదు.

అమ్మ లేచి వచ్చింది. "ఏరా" అంది, అంతే. పెరుగన్నం కలిపింది. చప్పుడుకి నాన్న లేచారు. గుమ్మం పట్టుకుని నిలబడి, "ఎప్పుడొచ్చావు?" అన్నారు. అన్నయ్య జవాబు చెప్పలేదు, ఆయన మళ్ళీ అడగలేదు. ఇంకో గంటకి వీధి చివర భోగిమంట వేశారు. మా పెరట్లో విరిగిన నులక మంచం ఒకటుంటే నాన్న దాని ఒక వైపు ఎత్తి, రెండో వైపు పట్టుకొమ్మని అన్నయ్యకి సైగ చేశారు. ఇద్దరూ మోసుకెళ్ళి మంటలో వేశారు. మంటకి అవతల వైపు నుంచి అన్నయ్య నన్ను చూసిన చూపు నాకు బాగా గుర్తు. ఒట్టు తీసి గట్టున పెట్టావు కదే అన్నట్టు. ఉగాది దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ కాలేజీకి మళ్ళీ పంపలేదు. నాన్న వెళ్ళి పెట్టె, పరుపు తెచ్చేశారు. ఇంటి నుంచే పరీక్షలు రాశాడు. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. తెనాల్లోనే బీఎస్సీ చేసి, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి లెక్కల మాస్టారయ్యాడు. ఇప్పటికీ జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్తున్నాడు. ఆ మూడు రోజుల మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

2003 వేసవిలో, జూనియర్ ఇంటర్ అయ్యాక, నేను ఆ పుస్తకం గూట్లోంచి తీశాను. నాకూ పదహారేళ్ళు వచ్చాయి. పక్కన డిక్షనరీ పెట్టుకున్నాను గానీ దాని అవసరం అంతగా పడలేదు. మార్జిన్లలో అన్నయ్య పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. మొదటి పేజీ లోపల విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపువాళ్ళు రాసే ధర, పన్నెండు రూపాయలు. అంటే ఏదో ఔటింగ్ ఆదివారం మిగతా పిల్లలు సినిమాకి పోతే వీడు ఏలూరు రోడ్డు మీద పుస్తకాలు తిరగేశాడన్నమాట.

హోల్డెన్ ఊతపదం ఒకటుంది, ఫోనీ. స్కూలు హెడ్మాస్టరు, నటులు, బార్లో పియానో వాయించేవాడు, అందరూ అతనికి ఫోనీయే. ఆ మాట మొదట వచ్చిన చోట అన్నయ్య 'దొంగ' అని రాసి కొట్టేశాడు. దాని కింద 'నటించేవాడు' అని రాసి అదీ కొట్టేశాడు. కింద 'వేషం' అని రాసి వదిలేశాడు. పదిహేడేళ్ళ కుర్రాడు, ఎవరూ అడగకుండా, మార్కులు రాని పనికి, ఒక్క మాట కోసం మూడుసార్లు వెతుక్కున్నాడు. నాకిది గొప్పగా అనిపిస్తుంది. నేను మాత్రం మొదటి కొన్ని పేజీలు దాన్ని 'పోనీ' అనే చదువుకున్నాను. మన భాషలో పోనీ అంటే పోనివ్వు, వదిలెయ్ అని. హోల్డెన్ దేన్నీ పోనీ అనలేడు. అతని బాధంతా అదే.

పెన్సీ స్కూలు పత్రికల్లో వేసే ప్రకటన గురించి మొదట్లోనే ఒక మాటుంటుంది. ఆ ప్రకటనలో ఎప్పుడూ ఒక కుర్రాడు గుర్రం మీద కంచె దూకుతూ ఉంటాడు. స్కూలు చుట్టుపక్కల తనకి ఒక్క గుర్రమూ కనబడలేదంటాడు హోల్డెన్. ఆ లైన్ల కింద అన్నయ్య రెండు గీతలు గీశాడు. పేపర్లో పేజీ నిండా ర్యాంకుల ఫోటోలు వేసే రోజులు చూసినవాళ్ళకి ఆ రెండో గీత ఎందుకో చెప్పక్కర్లేదు.

సెంట్రల్ పార్కు చెరువులో బాతుల సంగతి కూడా చాలామందికి గుర్తుంటుంది. చెరువు గడ్డకట్టాక అవి ఎక్కడికి పోతాయని హోల్డెన్ టాక్సీ డ్రైవర్లని అడుగుతాడు. ఒకతను పట్టించుకోడు. ఇంకొకతను చేపల గురించి చెప్పి కోప్పడతాడు. నవ్వు తెప్పించే ఘట్టమే. కానీ ఆ పిల్లవాడు అడుగుతున్నది, చలికాలం వచ్చినప్పుడు ఎవరైనా బండి తెచ్చి వాటిని తీసుకెళ్తారా అని. తనని తీసుకెళ్ళేవాళ్ళు లేనివాడికే ఆ ప్రశ్న వస్తుంది.

అసలు పేజీ ఇంకొకటుంది. హోల్డెన్‌కి ఆలీ అని తమ్ముడు. రెండేళ్ళు చిన్నవాడు, ఎర్రజుట్టు, ఇంట్లో అందరికంటే తెలివైనవాడు. 1946 జులై 18న ల్యుకేమియాతో పోతాడు. హోల్డెన్‌కి అప్పుడు పదమూడేళ్ళు. ఆ రాత్రి గరాజ్‌లో పడుకుని కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొడతాడు. ఆ చెయ్యి ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోదు, వాన పడితే నొప్పి పెడుతుంది. తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ మాత్రం తన దగ్గర దాచుకుంటాడు. ఆట మధ్యలో ఖాళీగా నిలబడినప్పుడు చదువుకోవచ్చని ఆలీ దాని నిండా ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసుకున్నాడు.

ఆ పేజీ మార్జిన్లో అన్నయ్య ఏ మాటకీ అర్థం రాయలేదు. ఒక పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా, హాజరు పట్టీలో రాసినట్టు. ఆ పేరున్నవాళ్ళు మా బంధువుల్లో లేరు, తెనాలి స్నేహితుల్లో లేరు. చాలాసేపు చూశాక తెలిసింది, అది పక్క మంచం అబ్బాయిదని. ఆ పేజీ తర్వాత పుస్తకం చివరి దాకా పెన్సిల్ గీత లేదు.

అప్పటిదాకా నేనూ దాన్ని కోపిష్టి కుర్రాడి కథలాగే చదివాను. పెద్దవాళ్ళ అబద్ధాల మీద కోపం, స్కూళ్ళ మీద కోపం. ఆ పేరు చూశాక మొదటికొచ్చి మళ్ళీ చదివాను. ఈ పిల్లవాడు మూడేళ్ళుగా తమ్ముడి కోసం ఏడుస్తున్నాడు, ఒక్కరూ కూర్చోబెట్టి ఆ మాట అడగలేదు. స్పెన్సర్ మాస్టారు జీవితం ఒక ఆట అనీ, నియమాల ప్రకారం ఆడాలనీ చెప్తాడు. ఆంటొలినీ మాస్టారు ఇంకా మంచి మాటలే చెప్తాడు. వాళ్ళిద్దరూ అతని చదువు గురించే కంగారుపడ్డారు. ఆలీ గురించి అడిగింది లేదు.

అందుకే ఫీబీ. హోల్డెన్ దొంగతనంగా ఇంట్లోకి వచ్చి, నిద్రపోతున్న చెల్లెల్ని లేపుతాడు. ఆ సమయానికి అమ్మానాన్నలు బయటికి వెళ్ళి ఉంటారు. ఆ పిల్ల కాసేపు నాటకం సంగతులు, సినిమా సంగతులు గడగడా చెప్పేసి, చటుక్కున పట్టేస్తుంది. సెలవులు ఇంకా రాలేదుగా, నిన్ను స్కూల్లోంచి తీసేశారు కదూ అని. ఆ తర్వాత అనే మాట, నాన్న నిన్ను చంపేస్తారు. మళ్ళీ మళ్ళీ అంటుంది. దిండు తల మీద పెట్టుకుని అదే మాట.

నేను పుస్తకం మూసేసి దొడ్లోకి పోయి ఆ బండ మీద కూర్చున్నాను. న్యూయార్క్‌లో ఎప్పుడో రాసిన పిల్ల నోట్లో నా మాట ఉంది.

ఫీబీ ఇంకో మాట అడుగుతుంది. నీకు నచ్చేది ఒక్కటి చెప్పు, ఒక్కటంటే ఒక్కటి. హోల్డెన్ ఎంత వెతుక్కున్నా దొరకదు. చివరికి ఆలీ ఇష్టం అంటాడు. వాడు చనిపోయాడు కదా అంటుంది. చనిపోతే మాత్రం ఇష్టపడటం ఎందుకు మానాలి అని అతనికి కోపమొస్తుంది. పుస్తకం మొత్తంలో అతన్ని సూటిగా ఆ చోటుకి తీసుకెళ్ళింది ఆ పదేళ్ళ పిల్ల ఒక్కతే. అమ్మ ఇంటికొచ్చి సిగరెట్ వాసన పసిగడితే ఆ తప్పు తన మీద వేసుకుంటుంది. దాచుకున్న క్రిస్మస్ డబ్బులు, ఎనిమిది డాలర్లు చిల్లర, అన్న చేతిలో పెడుతుంది. అప్పుడు ఏడుస్తాడు హోల్డెన్. తన ఎర్ర టోపీ ఆమెకిచ్చి వెళ్ళిపోతాడు.

పుస్తకం పేరు పుట్టింది కూడా ఆ గదిలోనే. పెద్దయ్యాక ఏమవుతావంటే, రై అనే ధాన్యం చేలో వేలమంది పిల్లలు ఆడుకుంటుంటే, చేను చివర కొండకొమ్ము దగ్గర నిలబడి, చూసుకోకుండా పరిగెత్తుకొచ్చే పిల్లల్ని పడిపోకుండా పట్టుకుంటానంటాడు. రాబర్ట్ బర్న్స్ అనే స్కాట్లండ్ కవి పాటలో మాటని తప్పుగా గుర్తుపెట్టుకుని అంటాడు. అది 'పట్టుకుంటే' కాదు 'కలిస్తే' అని ఫీబీ దిద్దుతుంది. రై నేనెప్పుడూ చూడలేదు, జొన్నచేను ఊహించుకున్నాను. లోపలికెళ్తే పిల్లలు బయటికి కనబడరు కదా.

మర్నాడు తను ఎటో వెళ్ళిపోతున్నానని, మ్యూజియం దగ్గరికొస్తే డబ్బులు తిరిగిచ్చేస్తానని కబురు పెడతాడు. ఫీబీ ఆ ఎర్ర టోపీ పెట్టుకుని, తనకంటే పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వస్తుంది. నేనూ నీతో వస్తానంటుంది. ఇక అతను వెళ్ళలేడు. పట్టుకునేవాణ్ణవుతానన్నవాణ్ణి చెల్లెలే పట్టుకుంది. ఈ మాట విమర్శకులు ఎప్పుడో చెప్పారట. నాకది విమర్శ చదివితే తెలిసింది కాదు. నేను సూట్‌కేసు ఈడ్వలేదు, అమ్మ పాదం పట్టుకున్నాను. ఫీబీ అన్నని అప్పగించకుండా ఆపింది, నేను అప్పగించి ఆపాను. ఈ తేడా నన్ను చాలా ఏళ్ళు బాధపెట్టింది.

సాలింజర్ గురించి తర్వాత చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన దిగిన దళాల్లో ఉన్నాడు. హోల్డెన్ కథ రాసిన కాగితాలు యుద్ధంలో కూడా వెంట ఉంచుకున్నాడంటారు. యుద్ధం అయ్యాక మనసు చెదిరి ఆస్పత్రిలో ఉన్నాడు. అన్ని చావులు చూసి వచ్చిన మనిషి పుస్తకంలో యుద్ధాన్ని దాదాపు పెట్టలేదు. ఒక్క చిన్న తమ్ముణ్ణి పెట్టాడు. 1953లో న్యూహాంప్‌షైర్‌లో కార్నిష్ అనే చిన్న ఊరికి వెళ్ళిపోయాడు. 1965 తర్వాత ఒక్క కథ కూడా అచ్చుకివ్వలేదు. ఈ నవలని సినిమా తియ్యనివ్వలేదు. అందుకని హోల్డెన్‌కి ఇప్పటికీ ఫలానా మొహం అంటూ లేదు. నాకైతే పదిహేడేళ్ళ అన్నయ్య మొహమే.

సాలింజర్ 2010 జనవరి 27న చనిపోయాడు, తొంభై ఒక్కేళ్ళకి. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నయ్య ఫోన్. స్కూలు టైములో ఎప్పుడూ చెయ్యడు. ఇంట్లో ఎవరికేమైందోనని టెన్షన్ పడుతూ తీశాను.

"ఆయన పోయాడంట బుజ్జీ."

"ఎవరు?"

"ఆ పుస్తకం రాసినాయన. పేపర్లో వేశారు."

ఏ పుస్తకమని నేను అడగలేదు. నేను చదివానని అతనికి ఎప్పుడూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అయినా ఇద్దరికీ తెలుసు. వెనక పిల్లల గోల వినబడుతోంది. అప్పుడు నేను పదమూడేళ్ళుగా అనాలనుకున్న మాట అన్నాను. "అన్నయ్యా, ఆ రాత్రి నువ్వు ఒట్టేయించుకున్నావు. నేను అమ్మని లేపేశాను."

"నాకు తెలుసులే, నువ్వు లేపుతావని" అన్నాడు. "అందుకేగా నిన్ను లేపింది."

గంట కొట్టారు. క్లాసుకెళ్ళాలని పెట్టేశాడు.

ఇప్పుడు మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాం. మా పాపకి పదేళ్ళు వచ్చిన ఏడాది, ఒక అక్టోబర్ శనివారం, ఇద్దరమే రైలెక్కి న్యూయార్క్ వెళ్ళాం. పెన్ స్టేషన్లో దిగాం. హోల్డెన్ దిగింది కూడా పెన్ స్టేషన్లోనే, కానీ ఆ పాత భవనాన్ని 1963లో కూలగొట్టడం మొదలుపెట్టారు. పార్కుకి దక్షిణం వైపు చెరువు ఉంది. బాతులూ ఉన్నాయి. చలికాలంలో కూడా చాలావరకు అవి ఊరు విడిచి పోవట, గడ్డకట్టని నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి చేరతాయట. ఈ మాట హోల్డెన్‌కి ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బావుండేదో అనిపించింది.

తర్వాత రంకులరాట్నం దగ్గరికి వెళ్ళాం. నవల ముగింపుకి వచ్చేది అక్కడే. ఫీబీ నీలం కోటు వేసుకుని గుర్రమెక్కి తిరుగుతుంటుంది. హోల్డెన్ ఎక్కడు, బెంచీ మీద కూర్చుని చూస్తుంటాడు. తిరుగుతూ బంగారు రింగు అందుకోవడానికి పిల్లలు వంగుతుంటారు, ఫీబీ కూడా. పడిపోతుందేమోనని భయం. అయినా ఏమీ అనడు. వాళ్ళు అందుకోవాలనుకుంటే అందుకోనివ్వాలి, పడితే పడతారు, మనం ఏమీ అనకూడదనుకుంటాడు. కుండపోతగా వాన వస్తుంది. అందరూ పరిగెత్తి లోపలికి పోతే అతను అలాగే తడుస్తూ, ఎందుకో తెలీని సంతోషంతో కూర్చుంటాడు.

ఆ రాట్నం ఇప్పుడు లేదు. 1950లో కాలిపోయింది, నవల అచ్చవడానికి ముందే. ఇప్పుడున్నది 1908లో బ్రూక్లిన్‌లో చేసినది. చేత్తో చెక్కిన గుర్రాలు 57. నేను చిన్నబుచ్చుకోలేదు. పాప గోధుమరంగు గుర్రం వెతుక్కుని ఎక్కింది. నేనేమీ చెప్పలేదు, తనే ఎక్కింది.

అక్కడ ఉదయం పదకొండు. తెనాల్లో రాత్రి ఎనిమిదిన్నర. అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. భోజనం చేస్తున్నట్టున్నాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు. నేనేమీ చెప్పకుండా ఫోను రాట్నం వైపు తిప్పాను. కొంచెంసేపు పలకలేదు.

"వాన పడుతోందా?" అన్నాడు.

"లేదన్నయ్యా. ఎండ బాగా ఉంది."

పాప రెండో చుట్టులో మమ్మల్ని దాటింది. మూడో చుట్టులో ఒక చెయ్యి కమ్మీ మీద నుంచి తీసేసి, మామయ్య కనబడుతున్నాడని పక్కకి వంగి ఊపుతోంది. నాకు గుండె ఝల్లుమంది.

"రెండు చేతులతో పట్టుకోమని అరవనా?" అన్నాను.

"వద్దులే బుజ్జీ" అన్నాడు అన్నయ్య. "తిరగనీ."